పెద్దల సేవలో వైద్య పరీక్షలూ భాగమే

ఏ మసీదుకు వెళ్లినా ఈ మధ్య ఒక మార్పు కనిపిస్తోంది. వరుసల చివర కుర్చీలు పెరుగుతున్నాయి. ఒకప్పుడు ఒకటో రెండో ఉండే చోట ఇప్పుడు ఎనిమిదీ పదీ ఉంటున్నాయి. మోకాళ్లు వంగని వారు, నడుము పట్టేసిన వారు, పక్షవాతం నుంచి కోలుకుంటున్న వారు వాటిపై కూర్చుని నమాజు చేసుకుంటున్నారు. అశక్తులకు ధర్మం ఇచ్చిన సౌలభ్యమిది. ఇందులో ఆక్షేపించవలసిందేమీ లేదు. కాని వారిని పలకరించి, "ఏమైంది భాయీ?" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "ఏముంది, వయసు!"

ఇంట్లో అమ్మీని అడిగినా ఇదే మాట. చూపు మసకబారితే వయసు. మాట వినబడకపోతే వయసు. రాత్రి నాలుగుసార్లు లేవవలసివస్తే వయసు. చెప్పిందే మళ్లీ చెబుతుంటే అదీ వయసే. ఈ ఒక్క మాట చాటున పది రకాల రోగాలు దాగి ఉంటున్నాయి. వాటిలో కొన్నింటిని రాకుండా ఆపవచ్చు, కొన్నింటిని ముందుగా కనిపెట్టి అదుపులో పెట్టవచ్చు, కొన్నింటిని పూర్తిగా నయం చేయవచ్చు. అయినా "వయసు" అని ఊరుకోవడం మన పెద్దల పట్ల మనం చేస్తున్న అన్యాయమని నా అభిప్రాయం.

తల్లిదండ్రుల సేవను గురించి మనం ఎన్నో ప్రసంగాలు వింటాం. ఖిద్మత్ అంటే కాళ్లు ఒత్తడం, ఎదురు చెప్పకపోవడం, అడిగింది తెచ్చిపెట్టడం అని చాలామంది భావన. ఇవన్నీ అవసరమే. కాని తల్లికి బి.పి. ఎంత ఉందో తెలియని కొడుకు, తండ్రికి షుగర్ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో చెప్పలేని కూతురు తమ సేవ సంపూర్ణమని అనుకోగలరా? కొడుకులు గల్ఫ్‌లో, కోడలు పిల్లల చదువుల కోసం పట్నంలో, పెద్దలిద్దరే ఊళ్లో ఉన్న ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. నెలనెలా డబ్బు వస్తుంది. రోజూ ఫోనులో ముఖమూ కనిపిస్తుంది. కాని ఫోనులో రక్తపోటు కనిపించదు.

నొప్పి లేని రోగాలు

పెద్ద వయసులో ఎక్కువ నష్టం చేసే రెండు రోగాలకు మొదట్లో నొప్పి ఉండదు. అవి రక్తపోటు, మధుమేహం. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపించి, 2023లో ప్రకటించిన పెద్ద అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. వయోజనుల్లో ప్రతి 100 మందిలో 35 మందికి పైగా రక్తపోటు ఉన్నట్లు కూడా ఆ అధ్యయనం తేల్చింది.

తలనొప్పి వస్తే, కళ్లు తిరిగితే బి.పి. ఉన్నట్లు, లేకపోతే లేనట్లు మనవాళ్లు లెక్క వేస్తారు. ఈ లెక్క తప్పు. బి.పి. 180 ఉన్న మనిషి హాయిగా బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చుకోగలడు. పట్టీ కట్టి కొలిస్తే తప్ప ఆ సంగతి బయటపడదు. వేర్వేరు రోజుల్లో కొలిచినప్పుడు 140/90 లేదా అంతకు పైన ఉంటుంటే వైద్యుని సంప్రదించాలి. షుగర్ సంగతీ అంతే. పరగడుపున రక్తంలో చక్కెర 126 లేదా అంతకు మించి ఉండి, మరోసారి చేసినప్పుడు కూడా అలాగే ఉంటే అది మధుమేహం. 100 నుంచి 125 మధ్య ఉంటే హెచ్చరిక. ఈ హెచ్చరిక దశలో తిండి తగ్గించి, నడక పెంచి, బరువు దించుకున్న వారిలో చాలామంది రోగాన్ని ఏళ్ల తరబడి దూరంగా ఉంచుకోగలుగుతారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు మరొకటి ఉంది. మాత్రలు వేసుకోగానే బి.పి. దిగుతుంది. "ఇప్పుడు బాగుంది కదా, ఇంక ఎందుకు?" అని మానేస్తారు. మాత్ర వేసుకున్నందువల్ల బాగుందే తప్ప, రోగం పోయి బాగుండడం కాదు. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాలి" అన్న భయంతో అసలు మొదలే పెట్టని వారూ ఉన్నారు. కళ్లద్దాలు కూడా ఒకసారి పెట్టుకుంటే జీవితాంతం పెట్టుకుంటాం. అందుకు ఎవరూ భయపడరు కదా! మాత్ర వల్ల ఇబ్బంది ఉంటే వైద్యునికి చెప్పి మార్పించుకోవచ్చు. సొంతంగా మానేయడం మాత్రం తగదు.

ఇక మన దస్తర్ఖాన్ సంగతి. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, అప్పడం, ఎండుచేప, బజారు మిక్చరు, వీటి ద్వారానే ఆ చెంచా నిండిపోతుంది. బిర్యానీ, దాల్చా, ఖుబానీ కా మీఠా పెళ్లిళ్లకు పరిమితమైనంత కాలం పెద్దగా హాని లేదు. అవి వారంవారం ఇంట్లోకి వస్తేనే చిక్కు. మరోవైపు, చాలా ఇళ్లలో పెద్దలు పొద్దున చాయ్‌లో బిస్కెట్, రాత్రి చాయ్‌లో రొట్టె ముంచుకుని సరిపెట్టుకుంటారు. పళ్లు లేవు, నమలలేరు. అలా కండ కరిగిపోతుంది. వారికి గుడ్డు, మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, చేప వంటివి ప్రత్యేకంగా చూసి పెట్టాలి.

మధుమేహం ఉన్న వారికి వజూ ఒక మంచి అవకాశం. ఈ రోగంలో కాలక్రమేణా పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కొరికినా తెలియదు. చిన్న పుండు పెరిగి, చివరకు వేలో పాదమో తీసేయవలసి రావచ్చు. రోజుకు ఐదుసార్లు కాళ్లు కడిగేవారు ఒక్కసారి పాదాల అడుగు భాగం కూడా చూసుకుంటే, చూపు ఆననివారికి మనవడో మనవరాలో చూసిపెడితే ఎన్నో కాళ్లు దక్కుతాయి. కడిగిన తరువాత వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకోవాలి. చలికాలంలో వేడినీళ్లు కాలిపై పోసుకునే ముందు మోచేతితో వేడి చూసుకోవాలి. కాలికి తెలియని వేడి చర్మాన్ని కాల్చేస్తుంది.

పక్షవాతం: గంటలతో పని

అదుపులో లేని రక్తపోటు, మధుమేహం ఒకనాడు పక్షవాతంగా ముంచుకొస్తాయి. మూతి ఒక పక్కకు వంకరపోవడం, ఒక చేయి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా అది పక్షవాతమేనని అనుమానించాలి. వెంటనే 108కు ఫోన్ చేయాలి. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇస్తేనే దానికి ప్రయోజనం. అది కూడా స్కానింగ్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేలాకే ఇస్తారు. కనుక స్కానింగ్ సౌకర్యం ఉన్న పెద్ద ఆసుపత్రికే నేరుగా తీసుకుపోవాలి.

మనం చేస్తున్నదేమిటి? "దిష్టి తగిలింది" అని ఒకరంటారు. ఫలానా ఊళ్లో పసరు పోస్తారని ఇంకొకరంటారు. పావురం రక్తంతో మర్దన చేస్తే కాలూ చేయీ వస్తాయని నమ్మేవారు నేటికీ ఉన్నారు. ఈ చర్చల్లోనే ఆ నాలుగున్నర గంటలు గడిచిపోతాయి. మరో పొరపాటు కూడా జరుగుతుంటుంది. పడిపోయిన మనిషి నోట్లో ఆప్యాయంగా నీళ్లో తేనెో పోస్తారు. మింగలేని స్థితిలో ఉన్న మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఏమీ తాగించకుండా తీసుకుపోవడమే మేలు. దుఆ దారి పొడవునా చేసుకోవచ్చు. దాని కోసం ప్రయాణం ఆపనక్కరలేదు.

కళ్లు, చెవులు

మన దేశంలో 50 ఏళ్లు దాటిన వారిలో అంధత్వానికి అన్నిటికన్నా పెద్ద కారణం శుక్లాలు. మనం మోతియాబింద్ అంటాం. 2015 నుంచి 2019 వరకు జరిగిన జాతీయ సర్వే ప్రకారం ఈ వయసువారి అంధత్వంలో 66 శాతం దానివల్లనే వస్తోంది. అంటే చూపు కోల్పోయిన ప్రతి ముగ్గురిలో ఇద్దరికి కారణం, ఒక చిన్న ఆపరేషన్‌తో తొలగిపోయేదే! సుర్మా పెట్టుకున్నా, చుక్కల మందు వేసుకున్నా శుక్లం కరగదు. పైగా కొన్ని రకాల సుర్మాల్లో సీసం ఉంటుంది, అది ఒంటికి హాని. మసకబారిన కంటి కటకాన్ని తీసి, కొత్త కటకం అమర్చడమే దీనికి చికిత్స.

మా వీధిలో ఒక నానీ రెండేళ్ల పాటు పెళ్లిళ్లకు రావడం మానేసింది. అందరూ ఆమెకు ఓపిక లేదనుకున్నారు. ముఖాలు గుర్తుపట్టలేక, ఎవరైనా నొచ్చుకుంటారేమోనని రావడం లేదని తరువాత తెలిసింది. ఆపరేషన్ అయిన నెలకు ఆమె వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటూ కనిపించింది. ఆ రెండేళ్లూ ఆమె పోగొట్టుకున్నవి ఊరికే పోయాయి. "ఆపరేషన్ అయితే సజ్దా చేయకూడదట" అన్న సంకోచంతో వాయిదా వేసేవారూ ఉన్నారు. వంగవద్దని వైద్యుడు చెప్పిన ఆ కొద్ది రోజులు సైగతో నమాజు చేసుకునే అనుమతి ఉంది.

గ్లాకోమా మాత్రం వేరు. దీన్ని నీటికాసులు అని కూడా అంటారు. ఇందులో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే. మధుమేహం వల్ల కంటి వెనుక పొర దెబ్బతినడమూ ఇలాంటిదే. అందుకే నలభై దాటిన వారు అప్పుడప్పుడు, షుగర్ ఉన్నవారు ఏడాదికొకసారి తప్పకుండా కళ్లు పరీక్ష చేయించుకోవాలి. హైదరాబాద్‌లో 1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామాల దాకా కంటి కేంద్రాలు తెరిచింది. తెలంగాణ ప్రభుత్వం 2018లోను, మళ్లీ 2023లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లోను కంటివెలుగు పేరిట ఇంటి దగ్గరికే పరీక్షలు తెచ్చాయి. చూపించుకునే చొరవ మనలోనే కొరవడుతోంది.

చెవుల సంగతి మరీ దయనీయం. వినబడని తాతను చూసి పిల్లలు నవ్వుతారు. కొంతకాలానికి ఆయన మాట్లాడడమే మానేస్తాడు. వినికిడి తగ్గడానికీ మతిమరుపు వ్యాధికీ సంబంధం ఉందని వైద్యులు చెబుతున్నారు. కళ్లద్దాల లాగే వినికిడి యంత్రాన్నీ మామూలు వస్తువుగా చూడాలి.

ఎముకలు, కీళ్లు: ఇల్లాలి మాట

మసీదులో కుర్చీలు కనిపిస్తాయి కనుక మగవారి మోకాళ్ల సంగతి మనకు తెలుస్తుంది. ఇంట్లో అదే బాధతో నేల మీద కూర్చుని వంట చేసే తల్లి సంగతి ఎవరికి తెలుసు? నెలసరి ఆగిపోయిన తరువాత స్త్రీలలో ఎముకలు వేగంగా గుల్లబారతాయి. కాలు జారి కూలబడితే చాలు, తుంటి ఎముక విరుగుతుంది. తరువాత మంచం, మంచంలో పుండ్లు, ఊపిరితిత్తులకు జబ్బు. అంత బాగా తిరిగిన మనిషి కొద్ది నెలల్లో దూరమైపోయిన ఇళ్లు ప్రతి ఊళ్లోను ఉన్నాయి.

ఎముకకు కాల్షియం కావాలి, దాన్ని ఒంటికి పట్టించేందుకు విటమిన్ డి కావాలి. విటమిన్ డి ప్రధానంగా ఎండ వల్ల మన చర్మంలోనే తయారవుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు. ఇంటి పట్టునే ఉండే మన స్త్రీలు పెరట్లోనో, మేడ మీదనో, పరదాకు భంగం లేని చోట రోజూ కొంతసేపు చేతులకు, ముఖానికి ఎండ తగలనివ్వాలి. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు తినాలి. లోపం ఎక్కువగా ఉంటే వైద్యుని సలహాతో మాత్రలు వాడాలి.

మోకాళ్లకు బరువే మొదటి శత్రువు. బరువు కొంచెం తగ్గినా మోకాలికి ఎంతో ఉపశమనం. తొడ కండరాలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని ఒక్కొక్క కాలు తిన్నగా చాచి, పది అంకెలు లెక్కపెట్టి దించడం ఎవరైనా చేయగల వ్యాయామం. "ఐదు పూటలా నమాజు చేస్తున్నాం, ఇంకా వ్యాయామం ఎందుకు?" అని కొందరంటారు. నమాజు ఆరాధన. అందులోని కదలికలు ఒంటికి మేలు చేస్తాయి, నిజమే. అయితే వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు కూడా చెబుతోంది. పడిపోకుండా ఉండేందుకు నిలకడ పెంచే వ్యాయామాలు కూడా చేయమంటోంది. మసీదుకు స్కూటర్ మీద కాక నడిచి వెళితే ఆ లెక్కలో కొంత తీరుతుంది. ఇంట్లోని స్త్రీలకూ ఫజ్ర్ తరువాత అరగంట నడిచే వీలు కల్పించడం మగవారి బాధ్యత.

పడిపోవడం ఎక్కువగా ఇంట్లోనే జరుగుతుంది. స్నానాల గదిలో నీరు నిలవనివ్వకుండా, గోడకు ఒక పిడి బిగించాలి. జారే చాపలు, మడతపడే తివాచీలు తీసేయాలి. రాత్రి చిన్న దీపం ఉండాలి. సహరీకో, తహజ్జుద్‌కో లేచేటప్పుడు ఒక్క నిమిషం మంచం మీద కూర్చుని అప్పుడు నిలబడాలి. బి.పి. మాత్రలు వాడేవారు ఒక్కసారిగా లేస్తే కళ్లు బైర్లు కమ్మి పడే ప్రమాదం ఉంది.

చెప్పుకోలేని బాధలు

అరవై దాటిన మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం సాఫీగా రాకపోవడం, చాలాసార్లు లేవవలసి రావడం మామూలు. స్త్రీలలో దగ్గితే, తుమ్మితే మూత్రం చుక్కలుగా పోతుంది. వజూ నిలవదని వీరు నీళ్లు తాగడమే తగ్గిస్తారు. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయి, మలబద్ధకం పెరుగుతుంది. రెండింటికీ చికిత్స ఉంది. ఇలా వజూ నిలవని వారికి షరీఅత్‌లో వేరే నియమం కూడా ఉంది. దగ్గరి ఆలిమ్‌ను అడిగితే వివరిస్తారు. సిగ్గుతో ఇంట్లో మగ్గవలసిన అవసరం లేదు.

జర్దా పాన్, గుట్కా వాడేవారు నోటిలో మూడు వారాలైనా మానని పుండు ఉన్నా, తెల్లని మచ్చ ఉన్నా, నోరు సరిగా తెరుచుకోకపోయినా వెంటనే చూపించుకోవాలి. స్త్రీలు రొమ్ములో గడ్డను, నెలసరి ఆగిన తరువాత మళ్లీ కనిపించే రక్తాన్ని ఎన్నడూ దాచకూడదు. తొలి దశలో దొరికిన క్యాన్సర్‌ను నయం చేయవచ్చు. దాచిన క్యాన్సర్ కుటుంబాన్నే కూల్చేస్తుంది.

మతిమరుపును మనం చాదస్తం అని వెక్కిరిస్తాం. 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటిన వారిలో సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి, అంటే డిమెన్షియా ఉంది. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం మామూలే. తెలిసిన దారిలో తప్పిపోవడం, ఎన్ని రకాతులు చేశామో ప్రతిసారీ తికమకపడడం, భోజనం చేసి చేయలేదనడం మామూలు కాదు. అలాంటి వారిని కసురుకోవడం వల్ల బాధ పెరుగుతుందే గాని జ్ఞాపకం రాదు. అన్ని మతిమరుపులూ మందులకు లొంగనివి కావు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, దిగులు వల్ల వచ్చేవి చికిత్సతో మెరుగవుతాయి. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న పెద్దలు మూగవోతే అది కూడా రోగం కావచ్చునని గుర్తించాలి.

హకీములు చెప్పింది, మనం మరచింది

"ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, మన యునానీ ఉండగా అవెందుకు?" అని వాదించేవారు ఉన్నారు. యునానీ వైద్యాన్ని గౌరవించే ఇంటిలోనే నేనూ పెరిగాను. అయితే ఆ వైద్యం మొదట చెప్పేది మందు కాదు, జీవన విధానం. గాలి, అన్నపానాలు, శరీర చలనం-విశ్రాంతి, మనసు చలనం-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల, ఈ ఆరింటిని అస్బాబె సిత్తా జరూరియా అన్నారు. వెయ్యేళ్ల క్రితం ఇబ్నె సీనా తన అల్ ఖానూన్ గ్రంథంలో వృద్ధుల దినచర్యకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. ఆ పథ్యాన్ని వదిలేసి, ఎవరో సంచిలో పెట్టుకుని అమ్మే కుష్తాలు మింగడం యునానీ అనిపించుకోదు. లోహాలతో చేసే భస్మాలు సరిగా తయారుకాకపోతే మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చదువుకున్న హకీమును సంప్రదించేవారు సైతం, వాడుతున్న మందులన్నీ ఇద్దరు వైద్యులకూ చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలతోనూ ఇదే ప్రమాదం. బి.పి., షుగర్ ఉన్న పెద్దలు వాటిని నెలల తరబడి వాడితే మూత్రపిండాలు చెడిపోవచ్చు.

"రాసిపెట్టి ఉన్నది తప్పదు" అనే మాట కూడా వినిపిస్తుంది. రోగం వస్తే చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (స) బోధన. తఖ్దీర్‌పై విశ్వాసం మందు మానేందుకు సాకు కారాదు.

రంజాన్ వస్తే

మన పెద్దలు అన్నింటిలో మాట వింటారు, రోజాల విషయంలో మాత్రం వినరు. వారి భక్తికి తల వంచవలసిందే. కాని ఇన్సులిన్ తీసుకునేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, షుగర్ తరచుగా పడిపోయేవారు వైద్యుని అడగకుండా రోజా ఉండడం ప్రాణాపాయం. రోగికి మినహాయింపు మనం కనిపెట్టింది కాదు, ఖుర్ఆన్ ఇచ్చినదే. కోలుకునే రోగి తరువాత ఖజా చేసుకుంటాడు. ఇక కోలుకునే ఆశ లేనివారు ఫిద్యా ఇస్తారు.

రోజా ఉండదలచిన మధుమేహ రోగులు రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యుని కలవాలి. మందుల వేళలు, మోతాదులు మార్చవలసి ఉంటుంది. పగటిపూట వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా భంగం కాదు. రక్త పరీక్షకు రక్తం తీయడం, పోషకాలు కాని మందుల ఇంజెక్షన్లు రోజాను చెరచవని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 1997లో తీర్మానించింది. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలని వైద్యులు చెబుతారు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే అసర్ అయిందా, మగ్రిబ్ ఎంతసేపుంది అని చూడకుండా చక్కెర నీళ్లు తాగించాలి. అప్పుడు ప్రాణం కాపాడుకోవడమే ధర్మం.

మసీదు కమిటీలకు విన్నపం

ఇందుకు ప్రభుత్వ సదుపాయాలు లేకపోలేదు. 30 ఏళ్లు దాటిన వారికి బి.పి., షుగర్ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, నగరాల్లోని బస్తీ దవాఖానాల్లో ఉచితం. 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఏర్పాటును ఆయుష్మాన్ భారత్ కింద కేంద్రం 2024 అక్టోబర్ 29న ప్రారంభించింది. ఆధార్ కార్డుతో వెళ్లి అడిగి తెలుసుకోవాలి. పెద్దల సమస్యలకు 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమం పిల్లల బాధ్యత అని 2007లో చట్టమే వచ్చింది. మనకు చట్టం చెప్పే దాకా రావలసింది కాదు.

మసీదు కమిటీలు రంగులకు, ఏసీలకు చందాలు వసూలు చేస్తున్నాయి. బి.పి. కొలిచే యంత్రం ఖరీదు ఒక సీలింగ్ ఫ్యాను కంటే ఎక్కువ కాదు. నెలకొక జుమా నాడు నమాజు తరువాత, మహల్లాలోని ఏ డాక్టరునో, నర్సునో పిలిచి పెద్దలందరికీ బి.పి., షుగర్ చూపిస్తే ఏమవుతుంది? ఆడవారికి మదర్సా గదిలో వేరుగా ఏర్పాటు చేయవచ్చు. మగవారితోనే ఆగిపోతే సగం పని కూడా కానట్టే. చదువుకున్న యువకులు ఇద్దరు ఆ వివరాలు రాసిపెట్టి, మందులు ఆపేసిన వారి ఇంటికి వెళ్లి పలకరిస్తే అంతకంటే మంచి సేవ ఉంటుందా?

ప్రతి ఇంటిలోను ఒక నోటు పుస్తకం పెట్టండి. అందులో అబ్బాకు, అమ్మీకి చెరొక పేజీ. బి.పి. ఎంత, షుగర్ ఎంత, కళ్లు ఎప్పుడు చూపించాం, ఏయే మాత్రలు వాడుతున్నారు, ఎవరి సలహాతో వాడుతున్నారు అన్నవి రాయండి. దూరదేశంలో ఉన్న కొడుకు ఫోను చేసినప్పుడు "బాగున్నారా?" అని అడిగి ఊరుకోక, "ఈ నెల బి.పి. ఎంత వచ్చింది?" అని అడగాలి. మనల్ని నడిపించిన చేతులు వణికే కాలం వచ్చింది. ఆ చేతికి ఈ వారమే బి.పి. పట్టీ కట్టించి, ఆ అంకెను మీ ఇంటి పుస్తకంలో మొదటి పేజీలో రాయండి.